పెంట గుమ్మం గుర్తుందా?

సింగ్‌నగర్, విజయవాడ, ఆదివారం రాత్రి

ఒరే పొడుగోడా,

వందనాలు. నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది, జవాబు రాయనందుకు క్షమించరా. అమ్మ కంటి ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. చిన్నది ఇంటర్లో చేరింది. మిగతావి ఫోన్లో. ఈ ఒక్క సంగతి చెప్పకపోతే మాత్రం నాకు నిద్ర పట్టదు.

సండే స్కూల్లో బైబిలు తీసి 'పెంట గుమ్మము' అని చదివి నువ్వు నవ్వడం, నిన్ను చూసి నేను నవ్వడం, ఇద్దర్నీ వేపచెట్టు కింద నిలబెట్టడం! పోయిన నెల అయ్యగారు సరిగ్గా ఆ అధ్యాయమే తీశారు, నెహెమ్యా 3. చిన్నప్పుడు మనకది నోరు తిరగని పేర్ల వరస. ఈసారి వింటుంటే ఒళ్లు జలదరించింది. యెరూషలేము గోడ 52 రోజుల్లో లేచిందంటే అందులో యాజకులు, కంసాలివాళ్లు, సుగంధద్రవ్యాలు చేసేవాళ్లు, ఆఖరికి షల్లూము కూతుళ్లు కూడా చెయ్యి వేశారు. కొందరైతే ఎవరింటి ఎదుట ముక్క వాళ్లు బాగుచేశారు. ఊరి చెత్త బయటికి పోయే ఆ పెంట గుమ్మం నిలబెట్టిన మల్కీయా ఎవరనుకున్నావ్? ఒక ప్రదేశానికి అధిపతి!

"మన మందిరం ఎదుట ఏముంది?" అని అడిగి అయ్యగారు ఊరుకున్నారు. అందరం తల వంచుకున్నాం. అప్పుడు చాప మీంచి ఇడ్లీల మామ్మ లేచింది (అవున్రా, నీ ఖాతా ఇంకా కొట్టెయ్యలేదంట). "మన ర్యాంపు ఉందయ్యా. దాని కింద సైడు కాలువ పూడిపోయింది. వానొస్తే నీళ్లు మా గుమ్మాల్లోకే" అంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచినప్పుడు మన మందిరం మేడ మీద తలదాచుకున్నది ఈ వీధివాళ్లే. అది పెద్ద వరద, మన చేతుల్లో లేదు. కానీ ఆ తర్వాత ప్రతి చిన్న వానకీ వాళ్ల వాకిళ్లలో నీళ్లు నిలవడానికి కారణం మేం పోసుకున్న సిమెంటు. రోజూ దాని మీద నడిచే ప్రార్థనకి వెళ్లాం. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

గేటుకి ఆర్చి కట్టాలని దాచిన కానుకలు ఉన్నాయిగా. పెద్దలు రెండు రాత్రులు కూర్చుని, చివరికి ఒప్పుకున్నారు. నిన్న తెల్లారే ర్యాంపు పగలగొట్టాం. ఎదురింటి భాయ్ పలుగు తెచ్చాడు, ఆటోస్టాండు కుర్రాళ్లు గమేళాలు అందుకున్నారు. కింద నడుంలోతు ఒండ్రు! పూడిక తీయడానికి వీలుగా ఈసారి ఎత్తిపెట్టే పలకలు వేస్తున్నాం. మిగిలిన డబ్బుతో గోడ బయట అరుగు. ఎవరైనా కూర్చోవచ్చు.

నువ్వు గుంటూరులో రోజూ కుగ్లర్ ఆస్పత్రి ముందునుంచే వెళ్తావుగా. 1883లో వచ్చిన ఆ కుగ్లర్ డాక్టరమ్మ చేసిన ప్రార్థనకి వార్డులూ మంచాలూ మొలిచాయి. బబులోనుకి చెరపోయినవాళ్లకి కూడా ఇళ్లు కట్టండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం వెదకండి అనే కదా యిర్మీయా ప్రవక్త రాసింది! మనం పరలోక పట్టణం గురించి ఎన్ని పాటలు పాడామో, ఈ వీధి గురించి ఒక్కసారైనా...

ఉరుముతోంది. పలకలు ఇంకా సగమే వేశాం. మామ్మ పిలుస్తోందిరా, టార్చి తీసుకుని వెళ్తున్నా, నీళ్లు కదులుతున్నాయో లేదో చూ