డబ్బా ఖాళీగా ఉందని పారేయకండి: మీ ఇంటికొచ్చిన మీల్‌వార్మ్స్ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం అండి.

ఈ టర్మ్‌లో సైన్స్ క్లాస్ పిల్లలు మీల్‌వార్మ్స్ డబ్బాలు ఇంటికి తెస్తున్నారు, మీలో కొంతమందికి ఇప్పటికే వచ్చేసి ఉంటాయి. మూత తీసి చూసి "ఇంట్లో పురుగులేంటి" అనుకున్నవాళ్ళు కూడా ఉంటారు, అది సహజమే. కానీ ఇవి కుట్టవు, నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేవు, పెద్దయ్యాక వచ్చే నల్ల పెంకుపురుగులకి రెక్కలున్నా దాదాపుగా ఎగరవు. అందుకని లోతుగా ఉన్న నున్నటి డబ్బా అయితే మూత కూడా అక్కర్లేదు, పైన పల్చటి గుడ్డో వలో కట్టినా చాలు, గాలి మాత్రం ఆడాలి. ఒక్కటే జాగ్రత్త, ఇవి నిల్వ ఉన్న ధాన్యాన్నీ పిండినీ తినే జాతి, కాబట్టి డబ్బాని వంటింట్లో పిండి డబ్బాల పక్కన పెట్టకండి. థర్మాకోల్ డబ్బాలో కూడా వద్దు, తొలిచేసుకుని బయటికి వచ్చేస్తాయి.

అసలు ఇవేంటంటే టెనెబ్రియో మోలిటర్ అనే పెంకుపురుగు పిల్లలు, అంటే లార్వాలు. గుడ్డు, లార్వా, ప్యూపా, పెంకుపురుగు, ఈ నాలుగు దశలూ ఒకే డబ్బాలో కళ్ళముందే జరుగుతాయి, అందుకే వీటిని ఎంచుకున్నాం. లార్వా పెరుగుతూ చాలాసార్లు కుబుసం విడుస్తుంది, అప్పుడే కుబుసం విడిచిన లార్వా తెల్లగా మెత్తగా ఉంటుంది, "ఇదేదో వేరే రకం" అని పిల్లలు అంటారు, కాదు, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ పసుపు రంగుకి వచ్చేస్తుంది.

మేత చాలా సులువు. గోధుమ తవుడు గానీ ఓట్స్ గానీ ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందంగా పోస్తే అదే పక్క, అదే తిండి. పోసే ముందు ఆ తవుడుని రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, బయటికి తీశాక చల్లదనం, తడి పూర్తిగా పోయేదాకా ఆగి వాడితే అందులో ముందే ఉన్న చిన్న పురుగులు, పిండి నల్లులు (మైట్స్, మంచాల్లో ఉండే నల్లులు కావు) చాలావరకు చచ్చిపోతాయి, ఈ పని మానకండి. వేడి విషయానికొస్తే 25 నుంచి 28 డిగ్రీల మధ్య వీటికి బావుంటుంది, చల్లబడితే ఎదుగుదల మందగిస్తుంది, 10 డిగ్రీల కిందకి పోతే దాదాపు ఆగిపోతుంది. ఎండ తగిలే కిటికీ దగ్గర మాత్రం పెట్టొద్దు, ఎందుకంటే ఒకే చోట ఎక్కువ పురుగులుంటే వాటి ఒంటి వేడికే తవుడు వెచ్చబడుతుంది, పైన ఎండ కూడా తోడైతే తట్టుకోలేవు.

ఇక నీళ్ళు. ఎక్కువ డబ్బాలు పాడయ్యేది ఇక్కడేనండి, అదీ ప్రేమతోనే పాడవుతాయి. పురుగులకి పాపం దాహమేస్తుందేమో అని పిల్లలకి అనిపిస్తుంది, గిన్నెలో నీళ్ళు పెడతారు, పురుగులు అందులో పడి మునిగిపోతాయి, తవుడు తడిసి బూజు పడుతుంది. వీటికి నీళ్ళ గిన్నె వద్దే వద్దు. కడిగి తుడిచిన క్యారెట్ ముక్కో బంగాళాదుంప ముక్కో తవుడు పైన పెడితే కావలసిన తడి అందులోనుంచే తీసుకుంటాయి, రెండు రోజుల తర్వాత మిగిలింది ఎండినా ఎండకపోయినా తీసేయండి. దోసకాయలాంటి నీరెక్కువ ఉన్నవాటి జోలికి పోకపోవడమే మంచిది. డబ్బా లోపలి గోడల మీద సన్నటి దుమ్ములాంటిది కనిపించి, పరీక్షగా చూస్తే ఆ దుమ్ము కదులుతుంటే అవి పిండి నల్లులు, తేమ ఎక్కువైందని అర్థం. వెంటనే కూరగాయ ముక్కలు ఆపేసి, పురుగుల్ని ఏరి, పొడిగా ఉన్న వేరే డబ్బాలో కొత్త తవుడులోకి మార్చండి, పాత తవుడు మూటకట్టి పారేయండి. ఘాటు వాసన వచ్చినా ఇదే పని చేయండి, బాగున్న డబ్బా నుంచి అలాంటి వాసన రాదు.

ప్యూపా గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీన్ని చచ్చిపోయిందనుకుని పారేసే ప్రమాదముంది. పెద్ద లార్వా కొన్ని రోజులు కదలకుండా కొక్కెంలా వంగి పడుంటుంది, తర్వాత ఆఖరి కుబుసం విడిచి మీగడ రంగు ప్యూపా అవుతుంది. దగ్గరగా చూస్తే కాళ్ళూ మీసాలూ ఛాతీ మీదకి ముడుచుకుని కనిపిస్తాయి, రాబోయే పెంకుపురుగు రూపం మొత్తం అందులోనే తెలుస్తుంది. తినదు, నడవదు, మెల్లగా తాకితే మాత్రం తోక భాగాన్ని టపటపా ఆడిస్తుంది. నల్లగా మారి మెత్తబడితేనో ఎండిపోతేనో అది చచ్చినట్టు. ప్యూపా తనని తాను కాపాడుకోలేదు, లార్వాలూ పెంకుపురుగులూ దాన్ని కొరికి తినేస్తాయి, అందుకని కనిపించినప్పుడల్లా స్పూన్‌తో తీసి వేరే చిన్న డబ్బాలో పెట్టించండి, ఈ పని పిల్లలతోనే చేయించండి. ఒకటి నుంచి మూడు వారాల్లో పెంకుపురుగు బయటికొస్తుంది, మొదట తెల్లగా, తర్వాత గోధుమ రంగు, చివరికి నలుపు. ఈ రంగు మారడం రోజూ ఒకే టైమ్‌కి చూసి నోట్‌బుక్‌లో రంగు వేయమని చెప్పాం, గుర్తుచేయండి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. పెంకుపురుగులు తవుడులో గుడ్లు పెడతాయి, ఒక్కో ఆడపురుగు జీవితంలో కొన్ని వందలు పెట్టగలదు, కానీ ఆ గుడ్లు మనకి కనపడవు, చాలా చిన్నవి పైగా జిగురుగా ఉండి తవుడు రేణువులు అంటుకుపోతాయి. పెంకుపురుగులు తమ గుడ్లనే తినేస్తాయి కాబట్టి రెండు మూడు వారాలకోసారి వాటిని ఏరి కొత్త తవుడులోకి మార్చాలి, పాత తవుడు ఉన్న డబ్బా మీద తేదీ రాసి పక్కన పెట్టాలి. అప్పుడు ఆ డబ్బాలో తవుడు తప్ప ఏమీ కనిపించదు, ఇంట్లో ఎవరో శుభ్రం చేస్తూ చెత్తలో వేసేస్తారు, వందల పిల్లలు అలాగే పోతాయి. దయచేసి పారేయకండి, జల్లెడ కూడా పట్టకండి. గుడ్లు పొదగడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, పొదిగాక కూడా కంటికి ఆనడానికి ఇంకొన్ని వారాలు ఓపిక పట్టాలి. పల్చటి క్యారెట్ ముక్క ఒకటి తవుడు మీద పెట్టి మర్నాడు తిప్పి చూడండి, అడుగున దారప్పోగుల్లాంటివి కదులుతుంటే మీ డబ్బా నిలబడినట్టే. పిల్లలు అది చూసినప్పుడు పక్కన మీరు కూడా ఉండాలని నా కోరిక.

లార్వాలు పెద్దవయ్యాక తవుడంతా సన్నటి ఇసుకలా మారిపోతుంది, అది వాటి మలం, పొడిగా ఉంటుంది, అప్పుడు జల్లెడ పట్టి కొత్త తవుడు పోయండి, కిందకి రాలింది మొక్కలకి ఎరువుగా వేయొచ్చు. జల్లెడ పట్టేది మాత్రం ఆరుబయటే. రొయ్యలు, పీతలు, ఇంటి దుమ్ము పడనివాళ్ళకి ఈ పురుగులు కూడా పడకపోయే అవకాశం ఉంది, అలాంటి అలర్జీ గానీ ఆస్తమా గానీ ఇంట్లో ఎవరికున్నా క్లాస్ టీచర్‌కి చెప్పండి, డబ్బా స్కూల్లోనే ఉంచుతాం, పిల్లల మార్కులకి దీనితో సంబంధం లేదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం అందరికీ తప్పనిసరి.

2021లో యూరోపియన్ యూనియన్ ఎండబెట్టిన మీల్‌వార్మ్స్‌ని మనుషుల ఆహారంగా అనుమతించిందని క్లాస్‌లో చెప్పాం, కాబట్టి తినొచ్చా అని అడుగుతారు, మన డబ్బాల్లోవి తినడానికి కాదు. ఇవి థర్మాకోల్ తిని అరిగించుకోగలవని 2015లో స్టాన్‌ఫర్డ్, బీజింగ్ పరిశోధకులు చూపించారు, అది కూడా పిల్లలకి బాగా నచ్చింది, కానీ ఉత్త థర్మాకోల్ మీద ఇవి సరిగా ఎదగవు, ఇంట్లో ఆ ప్రయోగం చేయనివ్వకండి.

డబ్బా నడపడం కుదరకపోతే పురుగుల్ని బయట వదిలేయకుండా తవుడుతో సహా స్కూల్‌కి పంపండి, సైన్స్ ల్యాబ్‌లో పెద్ద డబ్బాలో కలుపుకుంటాం. తవుడు అయిపోయినవాళ్ళు చిన్న కవర్ ఇచ్చి పంపితే ల్యాబ్ నుంచి నింపి ఇస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు