పెట్రోలు పొగను పరీక్షించాల్సింది ఎవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి మీ పత్రికలో వస్తున్న వ్యాసాలనూ పాఠకుల లేఖలనూ శ్రద్ధగా చదువుతున్నాను. మైలేజీ ఎంత పడిపోతుంది, పాత బండ్లలో రబ్బరు గొట్టాలు ఎన్నాళ్లు ఆగుతాయి, చెరకు, బియ్యం, మొక్కజొన్న ఇంధనానికి మళ్లితే తిండిగింజల ధరలు ఏమవుతాయి, రైతు చేతికి ఎంత వస్తుంది అన్న ప్రశ్నలన్నీ చర్చకు వచ్చాయి. ఆ ఇంధనం మండాక వచ్చే పొగ, మండకముందే ట్యాంకులోంచి లేచే ఆవిరి పీల్చిన మనిషికి ఏమవుతుందో అమ్మే ముందే పరీక్షించి చూపవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఎవరూ లేవనెత్తలేదు. ముప్పై ఏళ్లకు పైగా కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ఆ లోటు నాకు కొంచెం ఎక్కువగా కనిపించి ఉండవచ్చు.

ఈ ఆలోచనకు మూలం ఒక చిన్న సీసా. ఇటీవల మా ఊరి బంకులో స్కూటరుకు పెట్రోలు పోయిస్తుండగా అక్కడి కుర్రాడు అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ సీసా చూపించి, "ఇది కూడా పోయించండి సార్, ఇంజను కడిగినట్టయిపోద్దండి" అన్నాడు. సీసా తీసుకుని చదివాను. ముందువైపు మెరిసిపోతున్న పిస్టన్ బొమ్మ ఉంది. వెనకవైపు మంటకు దూరంగా ఉంచమనీ పిల్లలకు అందనీయవద్దనీ సన్నని అక్షరాలలో రాసి ఉంది. లోపల ఏముందో చెప్పవలసిన చోట "ప్రత్యేక సంకలితాల మిశ్రమం" అన్న మాట తప్ప ఒక్క రసాయనం పేరు లేదు. సీసా మీది నంబరుకు ఫోను చేస్తే, ఫార్ములా కంపెనీ రహస్యమని మర్యాదగానే చెప్పారు. నేను వద్దన్న సీసాను నా వెనకాయన తీసుకున్నాడు. కుర్రాడు మూత తిప్పి ట్యాంకులో వంచి, వేళ్లకంటిన తడిని ప్యాంటుకు తుడుచుకుని, పక్క బండి వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి రాత్రి దాకా పెట్రోలు ట్యాంకుల మీదికి వంగి నిలబడే మనిషి అతడు.

అమెరికాలో ఇటువంటి సీసాను మార్కెట్లోకి తేవాలంటే ముందు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. రోడ్ల మీద తిరిగే వాహనాలకు అమ్మే పెట్రోలు, డీజిలుతో పాటు వాటిలో కలిపే సంకలితాలకు కూడా పర్యావరణ పరిరక్షణ సంస్థ నమోదు తప్పనిసరి. అందులో ఏయే రసాయనాలున్నాయి, ఎంత మోతాదులో కలపాలి, ఎందుకు కలపాలి అన్నవి తయారీదారు ఆ సంస్థకు తెలియజేయాలి. నమోదు అయినంత మాత్రాన ప్రభుత్వం ఆ సరుకును మెచ్చుకున్నట్టు ప్రచారం చేసుకోకూడదన్న షరతు కూడా ఉంది. మన దగ్గర ఏదో ఒక ముద్ర దొరికితే చాలు, దాన్ని పెద్దక్షరాలతో అట్టపెట్టె మీద అచ్చువేయించుకునే అలవాటును చూస్తే ఆ షరతు విలువ తెలుస్తుంది.

నమోదుతో సరిపెట్టకుండా ఆరోగ్య పరీక్షలను కూడా తప్పనిసరి చేస్తూ ఆ సంస్థ 1994లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం మొదటి అంచెలో తయారీదారు తన ఇంధనం పొగలోనూ ఆవిరిలోనూ ఏయే పదార్థాలున్నాయో విశ్లేషించి, వాటి గురించి అప్పటికే వెలువడిన శాస్త్ర సమాచారాన్నంతా సేకరించి సమర్పించాలి. ఆ సమాచారం చాలని చోట రెండవ అంచె మొదలవుతుంది. ప్రయోగశాలలో ఎలుకలను రోజుకు 6 గంటల చొప్పున 90 రోజుల పాటు ఆ పొగలో ఉంచి, వాటి ఊపిరితిత్తులను, నాడీవ్యవస్థను, సంతానోత్పత్తిని, గర్భస్థ పిండాలను, జన్యుపదార్థాన్ని పరిశీలించాలి. వచ్చిన ఫలితాలు అనుమానం కలిగిస్తే ఇంకా లోతైన పరీక్షలు కోరే అధికారం సంస్థకు ఉంది. ఒకే తరహా ఇంధనం తయారుచేసే కంపెనీలు ఖర్చు పంచుకుని ఉమ్మడిగా పరీక్షలు చేయించుకోవచ్చు. ఇందులో నన్ను ఆకట్టుకున్నది ఎలుకల లెక్క కాదు. ఆ పరీక్షల ఖర్చూ, రుజువు చేయవలసిన భారమూ సరుకు అమ్మేవాడి మీదే పడటం.

ఈ బుద్ధి అమెరికాకు ఊరికే రాలేదు. ఇంజను టకటక కొట్టుకోకుండా ఉండేందుకు పెట్రోలులో సీసం కలిపే ఉపాయాన్ని అక్కడ 1921లో కనిపెట్టారు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ సీసపు ద్రవాన్ని తయారుచేసే కార్మికులు మతి చలించి, ఉన్మాదంతో కొట్టుకుని, ఐదుగురు ప్రాణాలు విడిచారు. మరుసటి ఏడాది ప్రభుత్వం సమావేశం పెట్టింది, నిపుణుల సంఘాన్ని వేసింది. నిషేధించేందుకు తగిన ఆధారం లేదనీ, పరిశోధన మాత్రం కొనసాగాలనీ ఆ సంఘం తేల్చింది. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఆ పరిశోధన చాలావరకు సీసం అమ్ముకునేవారి డబ్బుతోనే నడిచింది. హాని ఉందని నిరూపించే భారం జనం నెత్తిన పడింది. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాలలో మొదలై, 2000 ఫిబ్రవరి 1 నాటికి గాని దేశమంతటికీ రాలేదు. ప్రపంచంలో చిట్టచివరగా అల్జీరియా 2021లో సీసం కలిపిన పెట్రోలును మానుకుంది. మా తరం హైదరాబాదులోనూ విజయవాడలోనూ బస్టాండుల దగ్గర నిలబడి పీల్చిన గాలిలో ఆ సీసం ఉండేది.

అమెరికా నిబంధనలు లోపం లేనివని నేను అనడం లేదు. ఈ పరీక్షలకు నిబంధనలు ఏడాదిలోగా తయారుచేయాలని అక్కడి చట్టసభ 1977లోనే ఆదేశిస్తే, అవి వచ్చేసరికి 17 ఏళ్లు పట్టింది. ఏటా 5 కోట్ల డాలర్లలోపు అమ్మకాలున్న కంపెనీలకు చాలా పరీక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు. చిన్న సీసాలు అమ్మేవారు ఎక్కువగా ఆ కోవలోకే వస్తారు. మాంగనీసు ఉండే ఒక సంకలితాన్ని పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆరోగ్య కారణాలతో ఆపబోతే, కంపెనీ కోర్టుకు వెళ్లింది. చట్టంలో అనుమతికి సంబంధించిన సెక్షను కింద ఆరోగ్యాన్ని కారణంగా చూపే అధికారం సంస్థకు లేదని 1995లో కోర్టు చెప్పింది. సరుకు ముందు బజారుకు వచ్చింది, పరీక్షలు తర్వాత జరిగాయి.

వీటన్నిటికంటే పెద్ద పాఠం ఎంటీబీఈ అనే పెట్రోలు సంకలితానిది. పెట్రోలు శుభ్రంగా మండాలన్న మంచి ఉద్దేశంతోనే అక్కడ ఆ ద్రవాన్ని విరివిగా కలిపారు. అది నీటిలో ఇట్టే కరుగుతుంది, మట్టికి అంటుకోదు. బంకుల కింద పాతిపెట్టిన ట్యాంకులు కారడంతో భూగర్భజలంలోకి చేరింది. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం 1996లో బావులు మూసివేసి, తన తాగునీటిలో దాదాపు సగం పోగొట్టుకుంది. కొళాయి నీటికి టర్పెంటైన్ వాసన పట్టుకునేది. చివరకు 1999లో ఆ రాష్ట్ర గవర్నరు దాన్ని పెట్రోలు నుంచి తొలగించాలని ఆదేశించారు. పరీక్షలన్నీ ముక్కు ద్వారా లోపలికి పోయే దాని గురించి ఆలోచించాయి, హాని నోటి ద్వారా వచ్చింది. మనం ఇటువంటి నిబంధనలు రాసుకునేటప్పుడు గాలితో పాటు నేల, నీరు కూడా చూడాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక మన సంగతి. పెట్రోలుకు, డీజిలుకు, ఇథనాల్ కలిపిన పెట్రోలుకు భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణాలున్నాయి. ఆక్టేను ఎంత, గంధకం ఎంత, బెంజీను ఎంత అన్నవి అవి కచ్చితంగా చెబుతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చి గంధకాన్ని 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50) నుంచి 10 పీపీఎంకు దించడం నిజంగా మెచ్చుకోవలసిన పని. కాని ఇవన్నీ సరుకు నాణ్యతకు కొలతలే తప్ప, దాన్ని పీల్చిన మనిషి సంగతి కావు. బండి సైలెన్సరు నుంచి వచ్చే వాటిలో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు, నుసికి బీఎస్-6 పరిమితులు పెట్టింది గాని, ఇంధనం మండినప్పుడు పుట్టే ఆల్డిహైడులనే రసాయనాలకు పెట్టలేదు. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాలలోని 12 కాలుష్యకాలలోనూ అవి లేవు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాను దగ్గర వాటిని కొలిచే సాధనమే ఉండదు.

ఆల్డిహైడుల పేరు ఎత్తడానికి కారణం ఉంది. ఇథనాల్ మండితే ఎసిటాల్డిహైడు పుడుతుందన్నది ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా ఊహించగల విషయం. ఇథనాల్ మిశ్రమంపై నీతి ఆయోగ్ 2021 జూన్‌లో విడుదల చేసిన నివేదికే ఈ సంగతి ఒప్పుకుంది. కార్బన్ మోనాక్సైడు బాగా తగ్గిందనీ, ఎసిటాల్డిహైడు మాత్రం మామూలు పెట్రోలు కంటే ఎక్కువగా వచ్చిందనీ, అయితే దాని పరిమాణం తక్కువేననీ అందులో రాశారు. తక్కువే కావచ్చు. ఒక బండికి తక్కువ అయినది, సాయంత్రం అమీర్‌పేట కూడలిలోనో బెంజి సర్కిల్ దగ్గరో ఆగి ఉన్న వందల బండ్లకు ఎంత అవుతుందన్నది ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి కదా. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎసిటాల్డిహైడును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. నేను ఇథనాల్‌కు వ్యతిరేకిని కాను. పొగలో కార్బన్ మోనాక్సైడు తగ్గడం మంచిదే. కాని పదేళ్ల పనిని అయిదేళ్లకు కుదించి, 2030 లక్ష్యాన్ని 2025-26కు జరుపుకున్నప్పుడు ఈ ఒక్క లెక్కకూ తీరిక చూసుకోవలసింది.

ఇథనాల్ ఫ్యాక్టరీ మాకొద్దని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు 2024 నవంబరులో రోడ్డెక్కారు. ఫ్యాక్టరీ గొట్టం నుంచి ఏమొస్తుందని వారు అడిగారు. బండి గొట్టం నుంచి ఏమొస్తుందని అడగడానికి మాత్రం ఏ ఒక్క ఊరికీ ప్రత్యేకించి హక్కు లేదు కనుక, ఎవరూ అడగరు. అందుకే అది ప్రభుత్వం అడగవలసిన ప్రశ్న.

దీనికి పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద నిబంధనలు చేసే అధికారం కేంద్రానికి ఉంది. ఇంజన్లను నడిపి పొగను కొలవడానికి పుణెలో వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ ఉంది, విషప్రభావాలు పరిశీలించడానికి లక్నోలో విషశాస్త్ర పరిశోధన సంస్థ ఐఐటీఆర్ ఉంది, వృత్తిపరమైన జబ్బుల కోసం అహ్మదాబాదులో జాతీయ సంస్థ ఉంది. ఇంధనమైనా సంకలితమైనా కొత్తది అమ్మకానికి పెట్టే ముందు దాని పొగ, ఆవిరి, నీటిలో కలిసే తీరు మీద పరీక్షా ఫలితాలను కంపెనీ సొంత ఖర్చుతో సమర్పించాలని, ఆ ఫలితాలు ఎవరైనా చదివేలా బయటపెట్టాలని నిబంధన ఉండాలి. పరీక్ష చేసే ప్రయోగశాలను కంపెనీ కాకుండా ప్రభుత్వం ఎంపిక చేయాలి. అమెరికాలోలా చిన్న కంపెనీ అని మినహాయించడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే బంకులలో సీసాలు అమ్మేవి చాలావరకు చిన్నవే. ఈలోగా కనీసం, లోపల ఏముందో రాయని సంకలితాన్ని బంకులో అమ్మనివ్వబోమని చమురు కంపెనీలు తమ డీలర్లకు ఒక సర్క్యులర్ పంపవచ్చు. దానికి పైసా ఖర్చు కాదు.

బంకు కార్మికుల సంగతి కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను. రక్తాన్ని దెబ్బతీసే బెంజీను పెట్రోలులో 1 శాతానికి మించకూడదని ప్రమాణం ఉంది, బయటి గాలిలో ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదని ఇంకో ప్రమాణం ఉంది. ఆ రెండింటి మధ్య, నాజిల్ పక్కన, రోజుకు పది గంటలు నిలబడే మనిషి ఉన్నాడు. అతనికి ఏటా ఒకసారి రక్తపరీక్ష చేయించి ఆ కాగితం అతని చేతికే ఇవ్వాలన్న షరతును డీలర్‌షిప్ ఒప్పందాలలో చేర్చవలసిందిగా పెట్రోలియం శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం