నడిచొచ్చిన వెంటనే బీపీ చూసి భయపెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో రోజూ నడవండి, బీపీ తగ్గుతుంది అని తరచూ రాస్తుంటారు. మంచి మాటే, నిజం కూడా. కాకపోతే నడుస్తున్నంతసేపూ బీపీ పెరుగుతుంది, పెరగాలి కూడా, అన్న మిగతా సగం ఎవరూ రాయరు. ఆ సగం తెలియక మా పర్లాకిమిడిలో నడక మానేసినవాళ్ళు ఉన్నారు. ఇక్కడ మా తెలుగు పెద్దవాళ్ళలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు, ఆస్పత్రి గోడ మీద ఏం రాసినా వాళ్ళకి అందదు, వాళ్ళు చదివేది మీ పేపరే, అందుకే మీకు రాస్తున్నాను.

ఆమధ్య ఒక ఆదివారం మేం నడిచే గ్రౌండు గేటు దగ్గరే ఉచిత బీపీ శిబిరం పెట్టారు. ఎవరు పెట్టారన్నది అనవసరం, ఉద్దేశం మంచిదే. మా వీధి బాబాయి ఒకాయన, అరవైకి దగ్గర్లో ఉంటారు, గబగబా రౌండ్లు కొట్టి చెమటలు కక్కుతూ నేరుగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చొక్కా చెయ్యి మీదే పట్టీ చుట్టేశారు, ఆయన పక్కాయనతో కబుర్లు చెబుతూనే ఉన్నారు, మిషన్ 158/76 చూపించింది. "అంకుల్, మీకు బీపీ ఉంది" అన్నాడు కుర్రాడు. అంతే, మర్నాటి నుంచి ఆయన గ్రౌండుకి రావడం లేదు, టెన్షన్ పెట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. పిన్ని ఉప్పుచేప కూడా మాన్పించేసింది (అది మాత్రం మంచి పనే).

ఆ 158 పక్కనున్న 76ని ఎవరూ పట్టించుకోలేదు, అసలు సంగతి అందులోనే ఉంది. నడిచేటప్పుడు కాళ్ళ కండరాలకి రక్తం ఎక్కువ కావాలి. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 5 లీటర్లు తోసే గుండె బాగా శ్రమపడితే 20 లీటర్ల దాకా తోస్తుంది, దాంతో పై బీపీ పెరుగుతుంది. అదే సమయంలో కండరాల్లోని సన్నటి రక్తనాళాలు తెరుచుకుంటాయి, కాబట్టి కింది బీపీ ఉన్నచోటే ఉంటుంది, కాస్త తగ్గినా తగ్గుతుంది. ఏ జబ్బూ లేనివాళ్ళని ట్రెడ్‌మిల్ మీద గట్టిగా పరిగెత్తించినా పై అంకె 180, 200 దాకా పోతుంది, దానికి డాక్టర్లు కంగారుపడరు. పెరగాల్సిన చోట పడిపోతే మాత్రం వాళ్ళకి అనుమానం. నడక ఆపి కాసేపు కూర్చుంటే బీపీ దిగుతుంది, చాలామందికి నడవకముందు ఉన్నదానికన్నా కొంచెం కిందికే దిగి కొన్ని గంటలు అలాగే ఉంటుంది. ఇలా రోజూ జరిగితే కొన్ని వారాలకి మామూలు బీపీయే తగ్గుతుంది, బీపీ ఉన్నవాళ్ళకి పై అంకె దాదాపు 5 నుంచి 8 దాకా. అలాగని డాక్టర్ని అడక్కుండా మాత్రలు ఆపేయమని కాదు.

బరువులెత్తేవాళ్ళ సంగతి వేరు. ఊపిరి బిగబట్టి ఎత్తితే పై అంకె, కింది అంకె రెండూ ఎగబాకుతాయి. 1985లో కొందరు బాడీబిల్డర్ల ధమనిలోకే గొట్టం పెట్టి కొలిచారు, కాళ్ళతో బరువు తోస్తున్నప్పుడు సగటున 320/250 వచ్చింది! కుర్రాళ్ళు తట్టుకుంటారు, అది కాసేపటి ముచ్చటే, కానీ బీపీ ముదిరినవాళ్ళు జిమ్ములో డంబెల్ అయినా ఇంట్లో బియ్యం బస్తా అయినా ఊపిరి వదులుతూ ఎత్తడం మేలు.

ఇక గుండె వేగం చూపించే చేతి వాచీలు. 220లోంచి వయసు తీసేసి, నీ గుండె నిమిషానికి ఇంతకు మించి కొట్టకూడదు అని భయపెట్టుకునేవాళ్ళని రోజూ చూస్తున్నాను. అది సగటు లెక్క, మనిషికీ మనిషికీ పది పదిహేను తేడా మామూలే. పైగా ఎటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి గుండె వేగం మందు వల్లే అంతగా పెరగదు, వాళ్ళకి ఆ లెక్క పనికే రాదు. ఎండాకాలం చెమట పట్టే ఉక్కలో ఒళ్ళు చల్లబరచడానికి రక్తం చర్మానికి కూడా పోవాలి కాబట్టి, అదే నడకకి గుండె వేగం ఇంకా ఎక్కువ చూపిస్తుంది. నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా, పాట పాడలేకపోతున్నారా, అయితే నడక వేగం సరిపోయింది. ఏడాదంతా మంచం దిగకుండా శివరాత్రికి ఉపవాసంతో మహేంద్రగిరి ఎక్కేద్దామనుకునేవాళ్ళకి మాత్రం ఏ లెక్కా సాయం చెయ్యదు, నెల ముందు నుంచే నడక మొదలుపెట్టాలి. ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే మాత్రం వాచీ చూసుకుంటూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

శిబిరాలు పెట్టేవాళ్ళకి నా మనవి ఒక్కటే. నడవకముందు కొలవండి, లేదా నడిచాక, టీ తాగాక అరగంట ఆగి కొలవండి. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనేలా ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి, చొక్కా చెయ్యి పైకి మడిచి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి, మాట్లాడనివ్వకుండా చూడండి. అలా వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటే అప్పుడు చెప్పండి బీపీ ఉందని. ఇంకో చిన్న పని, చీటీ మీద టైమూ, నడిచాక తీశారా కూర్చున్నాక తీశారా అన్నదీ రాయండి. మావాళ్ళు ఆ చీటీ పట్టుకుని సరిహద్దు దాటి పాతపట్నమో శ్రీకాకుళమో పోతారు. ఉత్త 158 అని ఉంటే అక్కడి డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా