‘టీచర్‌గా మిగిలిపోతానేమో’ అన్నావు కదా

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం.

బావా,

మొన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. గంటసేపు మాట్లాడావు. మద్రాసు డిసెంబరు కచేరీల సీజన్లో ఈ ఏడు కూడా మధ్యాహ్నం స్లాటే ఇచ్చారన్నావు, గొంతు మునుపటిలా పై షడ్జం, అదే పై స, మీద నిలవడం లేదన్నావు, ఇంటద్దె పెరిగిందన్నావు. అన్నీ విన్నాను. ఒక్క మాట మాత్రం ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. "ఆ కాలేజీ ఉద్యోగంలో చేరితే ఇక టీచర్‌గా మిగిలిపోతానేమోరా" అన్నావు. అప్పుడే ఏదో అనబోయి, నీ గొంతులో అలసట విని ఊరుకున్నాను. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు, నేను చెప్పదలచుకున్నది మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మిగిలిపోవడం ఏమిటి బావా? అందరూ తిన్నాక అడుగున ఉన్నదాన్ని మిగిలిపోయింది అంటాం. పాఠం చెప్పడానికి ఆ మాట ఎలా వచ్చింది నీ నోటికి? అదీ మన విజయనగరం సంగీత కాలేజీలో చదువుకున్నవాడి నోటికి!

మన కాలేజీ ఎలా పుట్టిందో మనకి మొదటి ఏడే చెప్పారు, గుర్తుందా? రాజావారి ఆస్థానంలో పనిచేసే ఒకాయనకి చూపులేని కొడుకు ఉన్నాడు. సంగీతం అంటే ప్రాణం. ఆ కుర్రాడు నేర్చుకోవడానికి ఒక చోటు కావాలి అనుకుంటే, అతనొక్కడికే ఎందుకు, ఊరందరికీ పనికొచ్చేలా పెడదాం అని విజయరామ గజపతిగారు 1919లో కాలేజీ పెట్టారంటారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. కాలికి గజ్జె కట్టి హరికథ చెబితే జనం ఇళ్లు మర్చిపోయే రోజుల్లోనే ఆయన ఆ కుర్చీలో కూర్చున్నారు. అదే ఏడు ఫిడేలు ప్రొఫెసర్‌గా వచ్చారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. అప్పటికి ఆయనకి 26 ఏళ్లు. శిష్యుడిగా చేరదామని వస్తే, వాయిద్యం విని, నువ్వు నేర్చుకోవడం కాదు నేర్పు అన్నారని మన పెద్దలు మురిసిపోతూ చెప్పేవారు. ఆయనకీ చూపు సరిగ్గా ఆనేది కాదు. చూపులేని పిల్లవాడి కోసం మొదలైన కాలేజీలో చూపు తక్కువైన మనిషి పాఠం చెప్పారన్నది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చూడు. నాయుడుగారు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఫిడేలు అంటే గాత్రం పక్కన కూర్చునేదే అని అందరూ అనుకునే కాలంలో, 1938లో వెల్లూరులో ఫిడేలు ఒక్కటే ప్రధానంగా పెట్టి పూర్తి కచేరీ చేశారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారు తమ పెద్ద బిరుదు సంగీత కళానిధి ఇచ్చారు. ఇవన్నీ ఉద్యోగం మానేశాక వచ్చినవి కావు. పొద్దున సరళీస్వరాలతో పాఠం మొదలుపెట్టే పిల్లల ముందు కూర్చుంటున్న ఏళ్లలోనే వచ్చినవి. కచేరీ మనిషి వేరు, పాఠం మనిషి వేరు అని మనమే గీత గీసుకున్నాం తప్ప, ఆయన జీవితంలో అది ఎక్కడా కనపడదు.

గాత్రంలో నెదునూరి కృష్ణమూర్తిగారిని చూడు. మన కాలేజీలోనే చదివి, తర్వాత విజయవాడ, తిరుపతి లాంటి చోట్ల ప్రభుత్వ కళాశాలల్లో ప్రిన్సిపాల్‌గా ఏళ్లకేళ్లు చేశారు. ఫైళ్ల మీద సంతకాలు, సెలవు చీటీలు, పరీక్షలు, అన్నీ చూసుకున్నారు. 1991లో సంగీత కళానిధి. మల్లాది సోదరులు పాడుతుంటే వినబడే ఆ నెమ్మది, ఆ తొందరపడని రాగం, ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నదే కదా.

వీళ్లు మహానుభావులు, మనం మామూలోళ్లం, మనకెందుకు ఈ పోలిక అంటావు. సరే, మామూలు సంగతే చెబుతాను.

పోయిన ఆశ్వయుజంలో ఒక తొమ్మిదేళ్ల పిల్ల చేరింది నా దగ్గర. మూడు వారాలు ఉత్త తీగ మీద షడ్జమే. ఎడమ చెయ్యి ముట్టుకోనివ్వలేదు. కమాను బ్రిడ్జికీ వేళ్లు ఆనే పలకకీ మధ్య తిన్నగా వెళ్లాలి, చివరికొచ్చేసరికి అది పక్కకి జారిపోతుంది, కీచుమంటుంది. పిల్ల నా ముఖం చూస్తుంది. నేను దాని మణికట్టు కింద రెండు వేళ్లు ఆనించి, నొక్కకుండా, దానితో పాటు వెళ్తాను. ఇరవై రెండో రోజనుకుంటా, కమాను మొదలు నుంచి కొస దాకా వెళ్లి, తిరిగొచ్చింది. ఎక్కడా గీరుకోలేదు. శృతిపెట్టెలో స, తీగ మీద స కలిసిపోయి, ఒక్క క్షణం రెండూ ఉన్నాయన్నది తెలియలేదు. పిల్ల కమాను ఆపేసి, "ఇప్పుడు మోగింది నేనేనా మాస్టారూ?" అంది. బావా, నీ పక్కన కూర్చుని ఇరవై ఏళ్లు వాయించాను, చప్పట్లు విన్నాను. ఆ ప్రశ్న విన్నప్పుడు కలిగిన సంతోషం వాటిలో ఏ ఒక్క దానికీ తక్కువ కాదు.

ఇంకొకటి. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. డిప్లొమా కుర్రాడొకడికి తోడి రాగం చెబుతున్నాను. గాంధారం, అదే గ, నిలబెట్టే స్వరం కాదురా, కింద రిషభం దగ్గర్నుంచి లేచి పైన మధ్యమం అంచు దాకా ఊగాలి అన్నాను. వాడు, "ఒకసారి బాగా నెమ్మదిగా వాయించండి మాస్టారూ, ఎన్ని ఊపులో లెక్కపెట్టుకుంటాను" అన్నాడు. నెమ్మదిగా వాయించబోతే నా వేలు కింద రిషభం దాకా దిగడం లేదు. మధ్యలోనే వణికి పైకి వెళ్లిపోతోంది. వేగంగా వాయించేటప్పుడు చెవి దాన్ని పట్టుకోలేదు, అంతే. ఎన్నేళ్లుగా అలా వాయిస్తున్నానో! ఆ రాత్రి భోజనం చేశాక పదకొండింటి దాకా ఆ ఒక్క స్వరమే సాధన చేశాను. కచేరీలు చేసుకుంటూ పోయి ఉంటే నా తప్పు నాకు ఎప్పటికీ దొరికేది కాదు. శిష్యుడు అడిగాడు కాబట్టి దొరికింది.

సంగీతం నేర్పిన శ్రీపాద పినాకపాణిగారు అందుకే అంత గొప్పవారయ్యారని నాకు గట్టి నమ్మకం. ఆయన వృత్తి వైద్యం, కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్. ఇంటి ఖర్చు ఆ జీతం చూసుకుంది, అందుకని సంగీతం దగ్గర ఎవరికీ తల వంచక్కర్లేకపోయింది. నెదునూరి, వోలేటి, నూకల చిన సత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం, ఇంతమంది ఆయన పాఠంలో నుంచి వచ్చినవాళ్లే. గమకం, అంటే స్వరం ఊగే తీరు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా కాగితం మీద రాసి చూపాలని తపించారు. అంత విడమర్చి చూపించాలంటే ముందు తను ఎంత విడమర్చుకుని ఉండాలి! 1913లో పుట్టి 2013 దాకా, దాదాపు నూరేళ్లు బతికారు. కచేరీల లెక్కతో ఆయన్ని కొలిచేవాళ్లు ఉంటారేమో, నాకు అలాంటివాళ్లతో మాట్లాడాలని లేదు.

నిజమే, పాఠం మనిషిని తినేస్తుంది. అది నీకు దాచను. సాయంత్రం వరసగా నాలుగు బ్యాచ్‌లు అయ్యాక నా ఫిడేలు ముట్టుకోవాలనిపించదు. గాత్రం వాళ్లకి ఇంకా కష్టం. పిల్లల శృతికి గొంతు ఎత్తి పాడి పాడి, నీ శృతికి వచ్చేసరికి గొంతు బొంగురుపోతుంది. ఆడపిల్లల బ్యాచ్‌లో వాళ్ల శృతిలో నువ్వు పాడి చూపించకు. నీ శృతిలో పాడు, వాళ్లని వాళ్ల శృతిలో అనమను. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. పొద్దున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఆ రెండు గంటలూ నీవి. నేను మొదటి మూడేళ్లు ఇది తెలియక పోగొట్టుకున్నాను. చేతిలో తేలిక పోయింది, మళ్లీ తెచ్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఇక డబ్బు. మన ఇద్దరికీ తెలుసు కదా, పోయినేడు ఒక ఊళ్లో సభవాళ్లు శాలువా కప్పి, ఫొటోలు తీసుకుని, కవరు ఇస్తే అందులో రానూ పోనూ రైలు చార్జీలు కూడా లేవు. మృదంగం అబ్బాయి ముఖం చూడలేకపోయాం. నువ్వు నీ వాటాలోంచి తీసి అతనికిచ్చావు, నాకు తెలియదనుకున్నావు గానీ చూశాను. కచేరీ మీదే బతకాలనుకుంటే ఇలాంటివాళ్లు పిలిచినా వెళ్లాలి, పాడలేని రోజూ పాడాలి, వాళ్లడిగిన తుక్కడాలే, ఆ చిన్న చిన్న పాటలే పాడాలి. నెల మొదట్లో జీతం పడితే, వద్దు అనే హక్కు వస్తుంది నీకు. నీ గొంతుకి రెండు నెలలు విశ్రాంతి ఇవ్వగలవు. రేడియోలో ‘ఎ’ గ్రేడ్ ఉన్నవాడివి, ఆ పేరు ఎక్కడికీ పోదు.

ఆన్‌లైన్ పాఠాలు చెప్పుకుంటే చాలదా అన్నావు. నేను నాలుగేళ్లుగా చెబుతున్నాను, అందులో మంచీ ఉంది. ఆదివారం పొద్దున ఏడింటికి నేను కూర్చుంటే న్యూజెర్సీలో, చలికాలం అయితే, శనివారం రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ పుట్టిన తెలుగు పిల్లలు, "ఎందరో" అనే మాటకి అర్థం అడిగి, పెన్సిల్‌తో రాసుకుని మరీ వాయిస్తారు. వాళ్లంటే నాకు చాలా ఇష్టం. కానీ మాట అటు వెళ్లి ఇటు రావడానికి పట్టే ఆ కాస్త ఆలస్యం చాలు, ఇద్దరం కలిసి వాయించడం కుదరదు. తాళం నేను వేస్తే వాళ్లకి ఆలస్యంగా వినపడుతుంది. శృతిని అయితే ఆ యాప్ ఏదో చప్పుడు అనుకుని కోసేస్తుంది, సెట్టింగ్ మార్చాలి. నేను వాయించి ఆగాలి, అప్పుడు వాళ్లు వాయించాలి. గురువు గొంతులో గొంతు కలిపి పాడటం, తప్పు పోతుంటే ఆ గొంతు పట్టుకుని దారికి రావడం అనేదే అక్కడ లేదు. మనకి అదే కదా సగం చదువు.

ఘంటసాలగారి సంగతి నీకు కొత్తగా చెప్పాలా? ఇదే ఊళ్లో వారాలు, మధుకరం చేసుకుంటూ, అంటే ఇంటింటా అన్నం తెచ్చుకుంటూ బతికిన కుర్రాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట్లో పెట్టుకుని, పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. శాస్త్రిగారి కచేరీలు విన్నవాళ్లు ఇవాళ ఎంతమంది ఉంటారు? ఆయన దిద్దిన గొంతు మాత్రం ప్రతి తెలుగింట్లో పొద్దునే వినబడుతూనే ఉంది. నీ దగ్గరికి కూడా అలాంటి వాడొకడు, ఫీజు కట్టలేక గుమ్మం దగ్గర నిలబడేవాడు, వస్తాడు. వాడు వచ్చిన రోజు నువ్వు అక్కడ ఉండాలి.

చేరు బావా. చేరేముందు రెండు అడుగు: వారానికి ఎన్ని పీరియడ్లు, డిసెంబరులో సెలవు ఇస్తారా. రెండోది రాతపూర్వకంగా తీసుకో. కచేరీ మానకు. ఏడాదికి ముప్పై వద్దు, ఎనిమిది చెయ్యి, ఆ ఎనిమిదీ నీకు నచ్చిన చోట.

పుష్య బహుళ పంచమికి ఇక్కడికి రా. త్యాగరాజస్వామి ఆరాధనకి మన వీధి చివర గుళ్లో పిల్లలందరినీ కూర్చోబెడుతున్నాను. ఉత్త తీగ పిల్ల ఇప్పుడు జంటస్వరాలు దాటి గీతాల్లో ఉంది, అది కూడా వాయిస్తానంటోంది. ఆయన పంచరత్న కృతులు అయ్యాక నువ్వు తోడి పాడాలి, తొందర లేకుండా, నీకు తోచినంతసేపు. పక్కన నేను. ఈసారి గాంధారం కింద దాకా దిగుతుంది, విని చెబుదువుగాని. చెల్లెమ్మనీ పిల్లల్నీ కూడా తీసుకురా, మేడ మీద గది ఖాళీగానే ఉంది. చలి ఎక్కువగా ఉంటుంది, గొంతుకి మఫ్లర్ మర్చిపోకు.

నీ
పక్కవాద్యం