మన పిండిమర జప్తు కాలేదు, స్థలం కొంత రోడ్డుకి పోతోంది

అక్కలకు, అన్నలకు నమస్కారం. ఆత్మకూరులో మన మర గురించి కొన్నాళ్లుగా తలా ఒక మాట అంటున్నారు, ఫోన్లు కూడా ఆగడం లేదు, అందుకే సంగతేంటో నేనే రాస్తున్నా.

జప్తు కాలేదు. అప్పు కట్టకపోతేనో, పన్ను ఎగ్గొడితేనో ఆస్తి పట్టుకుంటారు చూడండి, అది జప్తు. మనం ఒక్క వాయిదా కూడా ఆపలేదు. ఎవరు మొదలుపెట్టారో గానీ ఆ మాట నెల్లూరు దాకా పోయింది, మనకు బెల్టులూ మరరాళ్లూ అరువు మీద ఇచ్చే ఆయన, ఏనాడూ తొందరపెట్టని మనిషి, ఫోన్ చేసి బాకీ మొత్తం ఈ వారంలోనే తేల్చేయమన్నాడు. నాకు చాలా బాధేసింది. ఆక్రమణ తొలగిస్తున్నారని ఇంకో మాట. అదీ కాదు, ఆ స్థలం మా నాయన కొన్నది, దస్తావేజు ఉంది.

జరుగుతున్నది భూసేకరణ. రోడ్డు వెడల్పు కోసం 2013 భూసేకరణ చట్టం కింద సర్వే నంబర్లతో పేపర్లో నోటిఫికేషన్ వేశారు, సర్వేయర్లు వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి పోయారు. కారం మర గీతకు అవతల పడింది, పిండి మర ఇవతల మిగిలింది. అమ్ముకున్నారంట కదా అని అడిగేవాళ్లకు చెప్పేదేంటంటే, అమ్మాలంటే మన ఇష్టం ఉండాలి, ఇక్కడ ఇష్టం అడగరు, 60 రోజుల్లోపు అభ్యంతరం ఉంటే రాసిమ్మంటారు. మేం రాసిచ్చాం. రోడ్డు వద్దని కాదు, మోటారు కింద వేసిన కాంక్రీటు దిమ్మె లెక్కలో రాలేదని. భూమికీ కట్టడానికీ విలువ కట్టి, దానికి నూటికి నూరు శాతం సొలేషియం, అంటే మన ఇష్టం లేకుండా తీసుకుంటున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము, కలిపి ఇవ్వాలని చట్టంలోనే ఉంది, కాబట్టి లెక్కలో వదిలేసిన ప్రతి గోడకూ మనం రెండింతలు నష్టపోతాం.

ఒక పెద్దాయన జాతీయం చేశారా అమ్మా అన్నారు. 1980లో ఆంధ్రా బ్యాంకును చేసింది జాతీయం, అక్కడ వ్యాపారమే ప్రభుత్వానిది అయిపోయింది. మన దగ్గర పోయేది నేల, వ్యాపారం మనదే. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసినా, చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదని రాజ్యాంగం 300ఎ అధికరణలో ఉంది. అందుకే ప్రతి కాగితం జాగ్రత్తగా పెట్టుకుంటున్నాం. మీరు మాత్రం ఎవరైనా అడిగితే మన ఊళ్లో అనుకునేట్టే రోడ్డుకి పోతోందని చెప్పండి, జప్తు అన్న మాట మాత్రం దయచేసి అనొద్దు, ఆ మాట మీద మాకు అరువు పుట్టడం ఆగిపోతోంది.

ఇక పని సంగతి. కారం మర వెనక షెడ్డులోకి మారుస్తున్నాం, త్రీఫేజ్ మీటరు మార్చేదాకా ఎండుమిరపకాయలు, పసుపు తీసుకోలేం. బియ్యప్పిండి, రాగులు, అరిసెలకు తడిపిండి మామూలుగానే పడతాం, కాకపోతే తడిపిండి వాళ్లు పొద్దున్నే వస్తే మంచిది, మిగతా పిండి పట్టకముందే మీది పట్టేస్తాం. కొందరి స్టీలు డబ్బాలు మా దగ్గరే ఉండిపోయాయి, పేర్లు రాసి లోపలి అలమరలో పెట్టాం, సామాను కదిలించకముందే వచ్చి తీసుకెళ్లండి.