పెరటి కోళ్ల కమిటీ జమా ఖర్చులు: ఎంత వచ్చింది, ఎక్కడ పోయింది

చందాలిచ్చిన అందరికీ నమస్కారం. పెరట్లో కోళ్లు పెంచుకోనివ్వమన్న మన అర్జీని విలేజ్ బోర్డు 4-2 ఓట్లతో ఒప్పుకున్న సంగతి మీకు తెలుసు. ఇంటికి 4 పెట్టలు, పుంజు కుదరదు, ముందు ఒక ఏడాది ప్రయోగం. ఇక డబ్బు లెక్క బాకీ ఉంది. మిగతా ఇరుగుపొరుగు వాళ్లకి ఇంగ్లిష్‌లో ఒక పేజీ చిట్టా పంపాం. ఇది మనవాళ్లకి, కొంచెం వివరంగా.

మా ఊరిని కాగితాల మీద విలేజ్ అంటారు. ఇల్లినాయ్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి. పేరుకి విలేజే, మొన్నటిదాకా కోడి మాత్రం నిషేధం. పక్కనున్న షికాగో మహానగరంలో గుడ్ల కోసం కోళ్లు పెంచుకోవడానికి అడ్డు లేదు! ఈ ఒక్క మాట మీదే మనకి సగం సంతకాలు వచ్చాయి.

ముందు జమ. తెలుగు కుటుంబాలు 27. నూటపదహార్లు ఇచ్చినవాళ్లు 9 మంది, 51 ఇచ్చినవాళ్లు 11, 21 ఇచ్చినవాళ్లు 7. కలిపి 1,752 డాలర్లు. ఆన్‌లైన్‌లో 22 మంది కలిసి వెయ్యి డాలర్లు ఇస్తే, ఆ సైటు కమిషన్ పోను చేతికొచ్చింది 964.40. పార్కులో పెట్టిన గుడ్డు బోండాల స్టాల్ మీద 412. నమూనా గూడు అమ్మితే 225. మొత్తం జమ 3,353.40 డాలర్లు.

ఖర్చులో పెద్ద పద్దు అర్జీ రుసుము, 750. ఇది తిరిగి రాదు, బోర్డు కాదన్నా రాదు. తర్వాత పేపర్ ప్రకటన. బహిరంగ విచారణకి 15 నుంచి 30 రోజుల ముందు పత్రికలో వేయించాలని రాష్ట్ర చట్టం. ఒకసారికి 93.20. మొదటి విచారణ రోజు కోరం లేక వాయిదా పడింది. తారీఖు మారింది కాబట్టి ప్రకటన మళ్లీ వేయించాల్సి వచ్చింది, ఆ ఖర్చూ మనదే. వెరసి 186.40.

ఇప్పుడు బోర్డుల సంగతి. ఇళ్ల ముందు గడ్డిలో గుచ్చే బోర్డులు 60, అయిన ఖర్చు 390 డాలర్లు. ఊరంతా పెట్టేశాక, ఒక పెద్దావిడ కారు ఆపి నన్ను పిలిచారు. "పుంజులు వద్దనే కదా మీరూ అంటున్నారు, మరి ఈ బొమ్మ ఏంటి?" అన్నారు. చూస్తే నిజమే. ఎర్రగా నిలబడ్డ జుట్టు, కొడవలిలా వంగిన తోక ఈకలు, కాలికి ముల్లు కూడా. అచ్చం సంక్రాంతి బరిలోకి దిగేదే. ప్రింటుకి ముందు బొమ్మ చూసి సరేనన్నది మేమే, అందులో నా సంతకం కూడా ఉంది. భీమవరం పక్క పుట్టి పుంజుకీ పెట్టకీ తేడా కనిపెట్టలేకపోయానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు. పెట్ట బొమ్మ స్టిక్కర్లు చేయించి పైన అంటించాం, అదొక 74. రెండు వానలకి సగం ఊడిపోయాయి. ఈ 74 డాలర్లు పూర్తిగా మా తప్పు.

(పుంజుకి కూడా అనుమతి అడిగితే ఇంకో 116 ఇస్తానన్న అన్నయ్యగారికి: అది కుదిరే పని కాదు. కోడిపందెం ఇక్కడ 50 రాష్ట్రాల్లోనూ నేరం. పుంజు అన్న మాట వినపడితే చాలు, మొత్తం అర్జీ పక్కన పడేసేవారు.)

నమూనా గూటికి 418.75. ఇంత ఎందుకని కొందరు అడిగారు. కోళ్ల జాలీ అని అమ్మే సన్న తీగ వల కోడిని లోపల ఉంచుతుంది గానీ, ఇక్కడ రాత్రిళ్లు కోళ్ల మీద పడే రకూన్ అనే జంతువుని ఆపలేదు. అది చెయ్యి లోపలికి పెట్టి లాగేస్తుంది, కొరికి తెంచుతుంది కూడా. అందుకని అర అంగుళం కళ్లున్న గట్టి ఇనప జాలీ కొన్నాం, ఆ ఒక్కదానికే 148. తవ్వుకుని రాకుండా చుట్టూ అడుగు వెడల్పున నేలలో పరిచాం. దాణా, నీళ్లు అడవి పక్షులకి అందకుండా పైన కప్పు వేశాం. బర్డ్ ఫ్లూ గురించి ఒక ట్రస్టీ (విలేజ్ బోర్డు సభ్యుడు) గుచ్చి గుచ్చి అడిగినప్పుడు, మనకి మాట్లాడటానికి ఇచ్చిన మూడు నిమిషాల్లో ఆ గూడు ఫోటోలే పనికొచ్చాయి. కరపత్రాలకీ సంతకాల కాగితాలకీ 132.25. మేడిసన్ నగరంలో 2004లోనే 4 పెట్టలకి అనుమతి ఇచ్చారని, మన పక్కనే ఎవాన్‌స్టన్ 2010లో ఒప్పుకుందని వాటిలో వేశాం.

చిల్లర పద్దులు: హాలు అద్దె 120, స్టాల్ సరుకులు 96, మీటింగులకి డోనట్లు, కాఫీ 58.50, బ్యాంకు 15.

గుడ్లు చవకవుతాయని చందా ఇచ్చినవాళ్లకి ఒక మాట. 2025 మార్చిలో డజను సగటు ధర 6.23 డాలర్లకి ఎక్కినప్పుడు మనకి చందాలు జోరుగా వచ్చాయి. ఆ ధరకే లెక్కేసినా మన గూటి ఖర్చుతో 67 డజన్లు కొనుక్కోవచ్చు. దాణా ఇంకా కలపలేదు. తర్వాత ధర కూడా దిగింది. కోళ్లు ఇష్టమైతే పెంచండి, పొదుపు కోసం వద్దు.

ఇక అసలు చెప్పాల్సింది. లాయరు గంట సలహాకి 300 ఇచ్చాం. ఆవిడ చెప్పినదాంట్లో ముఖ్యమైనది ఒక్కటే: విలేజ్ ఒప్పుకున్నా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనల్లో కోళ్లు వద్దని ఉంటే పెంచడానికి లేదు. మన 27 కుటుంబాల్లో 14 అలాంటి కాలనీల్లోనే ఉన్నాయి. అంటే సగం మంది తమకి పనికిరాని చట్టం కోసం డబ్బిచ్చారు. ఈ సలహా మేము తీసుకున్నది చందాలు వసూలు చేసి, అర్జీ పెట్టేశాక. ముందే అడిగి ఉండాల్సింది. అడగలేదు.

మొత్తం ఖర్చు 2,540.90. నిల్వ 812.50. ఆ 14 కుటుంబాలు ఇచ్చింది 949 డాలర్లు. అందరూ వెనక్కి అడిగితే డాలరుకి 85 సెంట్ల చొప్పున ఇవ్వగలం. తక్కువ మంది అడిగితే పూర్తిగా ఇస్తాం. ముగ్గురు ఇప్పటికే వద్దన్నారు. ఒకరు ఆ డబ్బుతో తమ హెచ్‌ఓఏ మీద పోరాడమన్నారు. నేను ఒప్పుకోలేదు. రసీదు మీద విలేజ్ చట్టం కోసం అని రాసి తీసుకున్నాం, వేరే పనికి వాడటానికి లేదు. అది కావాలంటే కొత్త కమిటీ, కొత్త చందా.

వెనక్కి కావాల్సినవాళ్లు ఈ నెలాఖరులోగా నాకు ఒక మెసేజ్ పెట్టండి, కారణం చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత మిగిలిందేం చెయ్యాలో చందాదారుల ఓటుకి పెడతాం. రసీదుల ఫైలు, బ్యాంకు స్టేట్‌మెంటు ఆదివారం సాయంత్రాలు మా ఇంట్లో చూడొచ్చు.

స్టిక్కర్లు ఊడిన బోర్డులు 11 మా గరాజ్‌లో ఉన్నాయి. కావాలంటే సంక్రాంతికి పట్టుకెళ్లండి, పుంజు బొమ్మ మాత్రం బాగా వచ్చింది.

కమిటీ తరఫున,
కోశాధికారి