బోటు మోటారు గేర్ పడకపోతే ముందు కింద డబ్బా ఇప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మేం చెన్నై కాసిమేడులో ఉంటాం, సొంతూరు నెల్లూరు జిల్లా తీరం, తాత కాలంలోనే ఇక్కడికి వచ్చేసినాం, ఇంట్లో ఇప్పటికీ తెలుగే, మీ పేపరు ఒకరోజు లేటుగా దొరికినా కొని చదువుతాం. మీ రైతు పేజీలో పంపుసెట్టు ఎట్టా బాగుచేసుకోవాల, ట్రాక్టర్ క్లచ్ ఎట్టా చూసుకోవాల అని రాస్తారు, సంతోషం. సముద్రం మీద బతికేవాళ్ళకి మాత్రం తుపాను హెచ్చరిక, సబ్సిడీ వార్త, అంతే. అందుకని మా ఇంట్లో జరిగింది రాస్తన్నా, వేస్తారో లేదో మీ ఇష్టం.

మా నాయనకి ఒక ఫైబర్ బోటు ఉండాది, దాని వెనక పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు, 9.9 హార్స్ పవర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. యమహా వాళ్ళు మొట్టమొదటి ఔట్‌బోర్డ్ చేసింది 1960లో అంట, మాది అంత ముసలిది కాదు గానీ దాని మీద పెయింటు కన్నా ఎంసీల్ ఎక్కువ. ఒకరోజు తెల్లారుజామున వల వేసుకుని తిరిగొస్తా ఉంటే మోటారు గయ్యిమని అరస్తది, బోటు మాత్రం ఉన్నకాడే ఉండాది. మెల్లగా పోతే పోతది, యాక్సిలరేటర్ తిప్పితే సౌండు పెరగతది, స్పీడు పెరగదు. అట్టే ఈడ్చుకుంటా ఒడ్డుకి వచ్చినారు.

మెకానిక్కి చూపిస్తే చెయ్యి కూడా పెట్టకుండానే గేర్ పోయింది అన్నాడు. రెండు రోజులు పెట్టుకుని, గేర్లు ఉండే కింద డబ్బా ఇప్పి గేర్ సెట్టు మొత్తం మార్చి 14 వేలు తీసుకున్నాడు. నీళ్ళలోకి దించితే అదే రోగం, పైగా ఇప్పుడు కొత్తది ఇంకోటి, గేర్ లివర్ న్యూట్రల్‌లో ఉన్నా ఫ్యాను, అంటే బోటుని తోసే ప్రొపెల్లర్, తిరగతా ఉండాది! నాయన ఆ రోజు అన్నం తినలేదు.

నేను టూ వీలర్ షెడ్డులో పనిచేస్తా, బోటు మోటారు నా పని కాదు, కానీ కోపంతో కూర్చుని చూసినా. లోపల ఉన్నది పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. ఇంజన్ నుంచి నిలువుగా దిగే షాఫ్ట్ చివర పినియన్ అని ఒక చిన్న పళ్ళ చక్రం, అది ముందొకటి వెనకొకటి రెండు గేర్లని ఎదురెదురు దిక్కుల్లో ఎప్పుడూ తిప్పతానే ఉంటది. మధ్యలో ఫ్యాను షాఫ్ట్ మీద డాగ్ క్లచ్ అని ఒక ముక్క, లివర్ వేస్తే అది జరిగి ముందు గేర్‌ని గానీ వెనక గేర్‌ని గానీ పట్టుకుంటది, మధ్యలో ఉంటే న్యూట్రల్. ఈ డాగ్ మూలలు అరిగి గుండ్రంగా అయితే గేర్ పట్టు జారి టక్ టక్ టక్ అని కొట్టుకుంటది, బోటు మొత్తం అదరతది. మాకు ఆ సౌండే లేదు. అక్కడే అనుమానం వచ్చింది.

ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు బుష్ ఒకటి ఉంటది, ఫ్యాను దేనికన్నా తగిలితే గేర్ విరక్కుండా ఆ రబ్బరు దెబ్బ తీసుకోవాల. ముసలిదైతే రబ్బరు పట్టు వదిలేస్తది, లోపలి భాగం తిరగతది, రెక్కలు తిరగవు. చూడ్డం ఎట్టాగంటే, మా చెల్లి గోళ్ళ రంగు తీసుకుని వెనక నట్టు కాడ లోపలి బుష్ మీద నుంచి బయట ఫ్యాను మీద దాకా ఒకే గీత గీసినా, ఎర్రగా, ఆరనిచ్చి ఒక చుట్టు తిప్పుకొచ్చినాం. తీసి చూస్తే లోపలి గీత ఒకచోట, బయటి గీత దానికి బాగా అవతల! చెల్లి నవ్వింది, నాయన నవ్వలా. బుష్ ప్రెస్ మీద ఎక్కించి మార్చినారు, గేర్ సెట్టుకి పెట్టిన దాంట్లో పదోవంతు కూడా కాలేదు. ఇంకా పాత చిన్న మోటార్లలో రబ్బరు బదులు ఒక పిన్ను ఉంటది, అది విరిగినా ఇదే కథ, స్పేర్ పిన్నులు బోట్లోనే పెట్టుకోవాల.

ఇంక న్యూట్రల్ సంగతి. లివర్ నుంచి కింద డబ్బాలోకి ఒక సన్న రాడ్ పోతది, కింద డబ్బా దించితే ఆ రాడ్ జాయింటు ఊడతది, మళ్ళీ కలిపేటప్పుడు పైన లివర్, కింద డాగ్ రెండూ న్యూట్రల్‌లో ఉండాల. మెకానిక్ అది చూసుకోకుండా బిగించేసినాడు. ముందు స్పార్క్ ప్లగ్గు క్యాప్ పీకేసినా, ఎందుకంటే గేర్‌లో ఉండగా చేత్తో ఫ్యాను తిప్పితే ఇంజన్ కూడా తిరగతది, స్టార్ట్ అయిందంటే వేళ్ళు పోతాయి. తర్వాత లాక్ నట్టు వదులు చేసి జాయింట్ నట్టుని కొద్దికొద్దిగా తిప్పి చూసుకున్నా. న్యూట్రల్‌లో ఫ్యాను రెండు పక్కలా హాయిగా తిరగాల, గేర్‌లో పెడితే పట్టుకోవాల. ఇంజన్ ఆగి ఉంటే డాగ్ పళ్ళకి పళ్ళు అడ్డం వచ్చి ఒక్కోసారి లివర్ పడదు, ఒక చేత్తో ఫ్యాను నిదానంగా కదిలిస్తా ఇంకో చేత్తో లివర్ వెయ్యాల, దాని మీద బలం చూపిస్తే రాడ్ వంగతది. కేబుల్ కంట్రోల్ ఉన్న బోట్లలో అయితే మోటారు కాడ కేబుల్ ఊడదీసి చేత్తో గేర్ వేసి చూడండి, సులువుగా పడితే తప్పు కేబుల్‌ది, ఉప్పుకి లోపల తుప్పు పట్టి ఉంటది, దాన్ని మార్చాల్సిందే.

మా బాబాయ్‌కి ఒక అలవాటు, గేర్‌కి నొప్పి పుడతదేమో అన్నట్టు లివర్ మెల్లమెల్లగా నెడతాడు, లోపల కరకరమంటా ఉంటది. డాగ్ మూలల్ని అరగదీసేది అదే. ఇంజన్ పూర్తిగా స్లో చేసి, ఒక్క ఊపులో టక్కున వెయ్యాల, ముందుకి నుంచి వెనక్కి పోయేటప్పుడు న్యూట్రల్‌లో ఒక క్షణం ఆపాల. చెప్తే మాత్రం నాకు నేర్పతావా అంటాడు.

గేర్ ఆయిల్ కూడా చూసుకోండి. కింద స్క్రూ తీస్తే పాల టీ రంగులో వస్తే లోపలికి నీళ్ళు పోయినట్టే. ఎక్కువగా నైలాన్ దారం ఫ్యాను వెనకాల చుట్టుకుని, నీళ్ళు లోపలికి పోకుండా ఆపే సీల్‌ని కోసేస్తది, అందుకే అప్పుడప్పుడు ఫ్యాను ఊడదీసి ఆ దారం లాగెయ్యాల. కొత్త ఆయిలు కింద చిల్లు నుంచే ఎక్కించాల, పై చిల్లులో నుంచి బయటికి వచ్చేదాకా, లేకపోతే గాలి నిలిచిపోతది. స్క్రూ వాషర్లు కొత్తవి వెయ్యండి, పైసల్లో పని.

నెలకొకసారన్నా ఇట్టాంటివి మీ పేపర్లో వెయ్యండి సార్, ఈ మోటార్ల పుస్తకాలు ఉంటే ఇంగ్లీషులో ఉంటాయి, మా నాయన లాంటోళ్ళకి మెకానిక్ మాటే వేదం. ఆ మెకానిక్ పీకేసిన పాత గేర్లని కవర్లో పెట్టి ఇచ్చినాడులెండి. తుడిచి చూస్తే డాగ్ మూలలు ఇంకా పదునుగానే ఉండాయి. నాయన వాటిని టీవీ పక్కన పెట్టుకున్నాడు, ఇంటికి వచ్చినోళ్ళందరికీ కాఫీ కంటే ముందు అవే చూపిస్తా ఉన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాసిమేడు, చెన్నై